నలుగురిని కన్నందుకు కాదు ఎముక విరిగింది

ప్రశ్న: మాది దర్శి దగ్గర పల్లె. అమ్మకు 58 ఏళ్లు. పద్నాలుగో ఏట పెద్దమనిషి అయింది, పదిహేనుకే పెళ్లి. ఇరవై నాలుగేళ్లు వచ్చేసరికి నలుగురం పుట్టాం. అందరికీ ఏడాదిన్నరకు తక్కువ కాకుండా పాలిచ్చింది. నాలుగో కాన్పు కాగానే పిల్లల ఆపరేషన్ చేయించుకుంది. 38వ ఏట తెల్లబట్ట, నడుంనొప్పి అని చూపిస్తే గర్భసంచి తీసేశారు. పోయిన సంక్రాంతికి కల్లాపి చల్లిన వాకిట్లో కాలు జారి, చెయ్యి ఆనించబోతే మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు సిమెంట్ కట్టు వేశారు. చెయ్యి అతికింది కానీ ఇప్పుడు నడుంనొప్పి ఎక్కువైంది, కాస్త ముందుకు వంగి నడుస్తోంది. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే బిళ్లలు చాలాకాలంగా వాడుతోంది. ‘నలుగుర్ని కని, పాలిచ్చి ఎముకలు గుల్ల చేసుకుంది’ అంటున్నారు చుట్టాలు. నాకు 36, ఇద్దరు పిల్లలు. నాకూ తెల్లబట్ట ఉంది, గర్భసంచి తీయించుకోమంటున్నారు. అమ్మకు ఏం చేయాలి, నేనేం చేయాలి?

సమాధానం: చుట్టాలు లెక్క తప్పు చోట మొదలుపెట్టారు. పెద్ద వయసులో ఎముక విరగడానికీ ఆడవారి కాన్పుల చరిత్రకూ సంబంధం ఉన్న మాట నిజమే. అయితే చూడాల్సింది ఎంతమందిని కన్నారని కాదు, అండాశయాలు ఎన్నేళ్లు పనిచేశాయని. మీ అమ్మగారి విషయంలో అసలు ప్రశ్న నాలుగు కాన్పుల దగ్గర లేదు, 38వ ఏట జరిగిన ఆపరేషన్ దగ్గర ఉంది.

ముందు కాన్పుల సంగతి. కడుపులో బిడ్డ ఎముకలకు తొమ్మిది నెలల్లో కావలసిన కాల్షియం సుమారు 30 గ్రాములు. అందులో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే చేరుతుంది. తల్లి ఎముకల్లో ఉండే కాల్షియం దాదాపు కిలో. పైగా గర్భం నిలిచాక తల్లి పేగులు తిండిలోని కాల్షియాన్ని మామూలుకంటే రెట్టింపు పీల్చుకుంటాయి. బిడ్డకు చేరేదానిలో చాలావరకు అలా తిండి నుంచే వస్తుంది. పాలిచ్చేటప్పుడు మాత్రం ఎముక నిజంగానే తరుగుతుంది. రోజుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల కాల్షియం పాలలో పోతుంది, ఆరు నెలల్లో వెన్నుపూసల సాంద్రత 5 శాతం దాకా తగ్గవచ్చు. కానీ పాలు మాన్పించి, ముట్లు మళ్లీ మొదలయ్యాక ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఆ తరుగు చాలావరకు పూడుతుంది. అమెరికాలో 1986లో మొదలుపెట్టి, 65 ఏళ్లు దాటిన 9,704 మంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, అసలు కాన్పే లేనివారికంటే పిల్లలు పుట్టినవారిలోనే తుంటి ఎముక విరగడం తక్కువగా కనిపించింది.

ఒక్క మినహాయింపు ఉంది. పదహారు, పదిహేడేళ్లకు తల్లి తన ఎముకనే ఇంకా కట్టుకుంటూ ఉంటుంది. మనిషి ఎముక ముప్పై ఏళ్ల దాకా గట్టిపడుతూనే ఉంటుంది కాబట్టి, ఆ వయసులో పాలూ పెరుగూ సరిగా లేకుండా వెంటవెంటనే కాన్పులైతే కొంత లోటు పడే అవకాశం ఉంది. అది చిన్నప్పుడే పెళ్లి చేయడంలోని తప్పు, పాలివ్వడంలోని తప్పు కాదు. ఇంట్లో బాలింతలెవరైనా ఎముకల భయంతో పాలు మాన్పించాలనుకుంటే గట్టిగా వద్దని చెప్పండి.

పిల్లల ఆపరేషన్ మీద కూడా అపవాదు ఉంది. అందులో కత్తిరించేది అండం వెళ్లే గొట్టాలను. అండాశయాల జోలికి పోరు, హార్మోన్లు యథాప్రకారం వస్తూనే ఉంటాయి, ఎముక తరగదు. పిల్లలు పుట్టకుండా మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ వాడినంత కాలం ఎముక సాంద్రత కొద్దిగా తగ్గుతుంది, మానేశాక తిరిగి పుంజుకుంటుంది. అమ్మగారికి అదీ లేదు.

ఇప్పుడు అండాశయాల సంగతి. మన ఎముకలో పాతదాన్ని తినేసే కణాలు, కొత్తదాన్ని కట్టే కణాలు పక్కపక్కనే పనిచేస్తుంటాయి. తినేసే కణాలకు కళ్లెం వేసేది అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్. ముట్లుడిగి ఆ హార్మోన్ తగ్గగానే కళ్లెం వదులవుతుంది. మొదటి కొన్నేళ్లు వెన్నుపూసల్లో ఏడాదికి 2 శాతం దాకా ఎముక పోతుంది, తర్వాత ఆ వేగం తగ్గుతుంది. మన దేశంలో స్త్రీలకు ముట్లు సగటున 46, 47 ఏళ్లకు ఆగిపోతాయి. పద్నాలుగో ఏట పెద్దమనిషి అయిన మనిషికి 47 దాకా లెక్కేస్తే 33 ఏళ్ల రక్షణ. అండాశయాలు కూడా 38లోనే తీసేసి ఉంటే అది 24 ఏళ్లకు పడిపోతుంది. అంటే అమ్మగారి ఎముక తరగడం తొమ్మిదేళ్లు ముందే మొదలైందన్నమాట, అదీ నెమ్మదిగా కాదు, ఆపరేషన్ బల్ల మీద నుంచి దిగిన రోజు నుంచే. ఒక్క గర్భసంచినే తీసి అండాశయాలు ఉంచితే ఇంత నష్టం లేదు. అయినా అలాంటివారిలో కొందరికి అవి కొన్నేళ్లు ముందుగానే మందగిస్తాయి.

పదేళ్లలో ఎముక విరిగే అవకాశాన్ని లెక్కకట్టడానికి డాక్టర్లు వాడే ఫ్రాక్స్ అనే పద్ధతి ఉంది. అందులో వయసు, బరువు, ఇదివరకు ఏదైనా ఎముక విరిగిందా, అమ్మకో నాన్నకో తుంటి విరిగిందా, స్టెరాయిడ్లు వాడారా అని అడుగుతారు. 45 ఏళ్లలోపు ముట్లు ఆగిపోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఎంతమంది పిల్లలన్న ప్రశ్న అందులో లేనే లేదు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి దాదాపు తొమ్మిది మందికి గర్భసంచి తీసేసి ఉంది. దేశం మొత్తానికి ఆ లెక్క మూడు. అందుకే మన పల్లెల్లో యాభై దాటిన ఆడవారి చెయ్యో నడుమో విరిగిందంటే మొట్టమొదట అడగాల్సింది ఈ ఆపరేషన్ గురించే.

కాబట్టి మీ మొదటి పని అమ్మగారి పాత కాగితాలు వెతకడం. డిశ్చార్జి కాగితంలో ఆపరేషన్ పేరు చోట ‘టీఏహెచ్’ అని మాత్రమే ఉంటే గర్భసంచిని పొట్ట కోసి తీశారని అర్థం. పక్కన ‘బీఎస్ఓ’ అని ఉంటే రెండు అండాశయాలూ పోయినట్టు. తీసిన ముక్కను పరీక్షకు పంపి ఉంటే ఆ రిపోర్టులో ఏమేం పంపారో రాసి ఉంటుంది. ఇరవై ఏళ్ల నాటి కాగితాలు చేతికి రాకపోతే అమ్మగారినే అడగండి: ఆపరేషన్ అయిన కొద్ది వారాలకే ఒంట్లోంచి వేడి ఆవిర్లు రావడం, రాత్రిళ్లు చెమటతో జాకెట్ తడిసిపోవడం మొదలైందా? అయి ఉంటే అండాశయాలు కూడా తీసేసి ఉండే అవకాశం ఎక్కువ. ఇప్పుడు స్కానింగ్ చేయించినా తేలడం కష్టం, ఈ వయసుకు అవి ఎలాగూ ముడుచుకుపోయి కనిపించవు. హార్మోన్ రక్తపరీక్షకు కూడా డబ్బు దండగ చేయకండి, 58 ఏళ్లకు అది ఎవరిలోనైనా ఒకేలా ఉంటుంది.

రెండోది ఆ ఆర్ఎంపీ బిళ్లలు. మోకాళ్ల నొప్పికి వేసుకోగానే ‘మంత్రం వేసినట్టు’ తగ్గిపోతోందంటే వాటిలో స్టెరాయిడ్ ఉందేమో చూడాలి. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ అనే పేర్లు అట్టమీద ఉన్నాయేమో చదవండి. అట్ట లేకుండా పొట్లంలో కట్టి ఇస్తుంటే ఆ పొట్లాన్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రెడ్నిసొలోన్ రోజుకు 5 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు దాటి వాడినా ఎముకకు ముప్పే. అయితే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపించకండి. ఏళ్లుగా వాడుతుంటే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ మందగించి ఉంటుంది. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చెప్పిన లెక్కలో కొద్దికొద్దిగా తగ్గించాలి.

మూడోది ఎత్తు. అమ్మగారిని చెప్పుల్లేకుండా, మడమలు గోడకు ఆనేలా నిలబెట్టి, తలమీద అట్ట పుస్తకం పడుకోబెట్టి గీత గీసి కొలవండి. వయసులో ఉన్నప్పటి ఎత్తుకంటే 4 సెంటీమీటర్లకు మించి తగ్గినా, ‘చీర ఈమధ్య నేల మీద జీరాడుతోంది’ అన్నా, వెన్నుపూస నొక్కుకుపోయిందేమో చూడాలి. వెన్నుపూస విరుగుళ్లలో మూడింట రెండొంతులు గుర్తింపులోకే రావు, ‘ఏదో నడుంనొప్పి’ అనుకుని వదిలేస్తారు. పక్క నుంచి తీసిన వెన్నెముక ఎక్స్‌రే చాలు, అది దర్శిలోనో ఒంగోలులోనో తీయించవచ్చు. ముందుకు వంగి నడుస్తున్నారని మీరే రాశారు కాబట్టి ఈ ఎక్స్‌రే ఆలస్యం చేయకండి.

ఆ తర్వాత డెక్సా, అంటే ఎముక సాంద్రతను కొలిచే స్కానింగ్. ఊళ్లలో ఉచిత శిబిరాల్లో మడమను చిన్న యంత్రంలో పెట్టి చెప్పే అంకె డెక్సా కాదు, దాన్నిబట్టి మందులు మొదలుపెట్టకూడదు. వెళ్లేముందు ఫోన్ చేసి ‘నడుముకూ తుంటికీ డెక్సా తీస్తారా’ అని అడగండి. ముందురోజు నుంచి కాల్షియం బిళ్ల ఆపాలి. మొలతాడుకు వెండిబిళ్లలో పూసలో ఉంటే తీసేయాలి, తాళికి గుచ్చుకున్న పిన్నీసుల గుత్తి, లంగా కొక్కెం అన్నీ తీసేయాలి. నడుము దగ్గర చిన్న లోహం ముక్క పడినా అంకె మారిపోతుంది. రిపోర్టులో టీ స్కోరు అని ఉంటుంది, అది వయసులో ఉన్న మనిషి ఎముకతో పోల్చి చెప్పే అంకె. అది మైనస్ 1, ఆపైన అయితే మామూలు, మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య అయితే తరుగు మొదలైంది, మైనస్ 2.5 లేదా ఇంకా కిందికి వెళ్తే గుల్లబారింది. మళ్లీ ఏడాదికో రెండేళ్లకో చూసేటప్పుడు అదే యంత్రం మీద తీయించండి, వేరే యంత్రం అంకెతో పోల్చలేం.

దర్శి అన్నారు కాబట్టి ఇంకో మాట తప్పకుండా చెప్పాలి. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల ఫ్లోరైడ్ నీళ్ల బాధ కొత్తది కాదు. ఈ ఊళ్లు ఇంకా పాత నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, ఎముకల ఫ్లోరోసిస్ గురించి డాక్టర్లు రాశారు. ఫ్లోరైడ్ పట్టిన ఎముక స్కానింగ్‌లో చిక్కగా, దిట్టంగా కనిపిస్తుంది. కానీ లోపలి అల్లిక సరిగా ఉండదు, పెళుసుగా విరుగుతుంది. పైగా నొక్కుకుపోయిన వెన్నుపూస కూడా స్కానింగ్‌లో గట్టిదానిలాగే కనిపిస్తుంది. అందుకని ‘నడుము అంకె బాగుంది, ఏమీ లేదు’ అని ఎవరన్నా నమ్మి ఊరుకోవద్దు. తుంటి అంకె, విరగని చేతి ముంజేయి అంకె కూడా చూడమని అడగండి. ఇంట్లో చూసుకునే మూడు పనులున్నాయి: మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోవడం, గడ్డాన్ని రొమ్ముకు ఆనించడం, రెండు చేతులూ తల వెనక్కి పెట్టుకోవడం. ఇవి బిగుసుకుపోయి ఉంటే, చిన్ననాటి నుంచీ పళ్లమీద గోధుమరంగు చారలుంటే, ముంజేయి ఎక్స్‌రే తీయించి ఫ్లోరోసిస్ ఉందేమో తేల్చుకోవాలి. ముందుకు వంగి నడవడానికి అదీ ఒక కారణం కావచ్చు. కానీ వెన్నుపూస విరిగిందేమో ఎక్స్‌రేలో తేలేదాకా, కాలివేళ్లు అందుకునే పని మాత్రం అమ్మగారితో చేయించకండి. తాగే నీళ్లు గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. నీళ్లు కాచినంతమాత్రాన ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. వంటకు కూడా మంచినీళ్లే వాడాలి, బోరు నీళ్లతో వండిన అన్నంలోనూ పప్పులోనూ అది చేరుతుంది.

రక్తంలో చూడాల్సినవి: కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, క్రియాటినిన్, థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఈఎస్ఆర్. క్రియాటినిన్ మాత్రం వదలకండి. కిడ్నీ ఎలా ఉందన్న దాన్నిబట్టే ఏ మందు ఇవ్వవచ్చో తేలుతుంది.

యాభై దాటాక నిలుచున్న ఎత్తు నుంచి పడి మణికట్టు విరగడమే ఒక హెచ్చరిక. ఒక ఎముక అలా విరిగినవారికి ఇంకోటి విరిగే అవకాశం దాదాపు రెట్టింపు. సిమెంట్ కట్టు విప్పిన రోజే ఈ పరీక్షలన్నీ మొదలవ్వాల్సింది. ఇప్పటికైనా మించిపోయింది లేదు. ఎక్స్‌రేలో వెన్నుపూస విరిగినట్టు తేలితే, డెక్సా అంకె ఎలా ఉన్నా మందు అవసరమే.

మందుల్లో మొదటిది సాధారణంగా అలెండ్రొనేట్ 70 మిల్లీగ్రాములు, వారానికి ఒక్క బిళ్ల. దీన్ని వేసుకునే తీరులోనే చాలామంది పొరపాటు చేస్తారు. పొద్దున లేవగానే, పరగడుపున, పెద్ద గ్లాసు మంచినీళ్లతో వేసుకోవాలి. కాఫీతోనూ పాలతోనూ కాదు. తర్వాత అరగంట ఏమీ తినకూడదు, ఇంకో బిళ్ల వేసుకోకూడదు, పడుకోకూడదు. పడుకుంటే బిళ్ల ఆహారనాళంలో ఆనుకుని పుండు పడుతుంది. కాఫీతో వేసుకుంటే ఒంటికి పట్టదు, ఏడాది వాడినా వాడనట్టే. శనివారమో గురువారమో ఒక వారం పెట్టుకుంటే మరిచిపోరు. మింగడం ఇబ్బందిగా ఉంటే ఏడాదికి ఒకసారి జొలెడ్రోనిక్ ఆమ్లం 5 మిల్లీగ్రాములు సెలైన్‌లా ఎక్కిస్తారు. మొదటిసారి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. పారాసెటమాల్ వేసుకుంటే సరిపోతుంది, భయపడి రెండో ఏడాది మానకండి. అంతకుముందే విటమిన్ డి లోటు పూడ్చుకోవాలి, పీకించుకోవాల్సిన పన్ను ఉంటే పీకించుకోవాలి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి ఈ రెండూ పనికిరావు. డెనొసుమాబ్ ఇంజెక్షన్ ఆరు నెలలకోసారి వేస్తారు. దాన్ని మధ్యలో ఆపేస్తే ఎముక గబగబా తరిగి వెన్నుపూసలు వరుసగా విరగవచ్చు. డబ్బులు ఆగకుండా అందుతాయన్న నమ్మకం ఉంటేనే మొదలుపెట్టండి. ఏ మందు రాసినా ఫ్లోరోసిస్ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఇరవై ఏళ్ల తర్వాత ఇప్పుడు హార్మోన్ బిళ్లలు మొదలుపెట్టడం మాత్రం అమ్మగారికి తగదు.

విటమిన్ డి తక్కువుంటే 60,000 యూనిట్లది వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు, తర్వాత నెలకొకటి. పాలతోనో అన్నం తిన్నాకో వేసుకుంటే బాగా పడుతుంది. వారానికి వేసుకోవాల్సినదాన్ని రోజూ వేసుకుని ఆస్పత్రి పాలైనవాళ్లున్నారు, చీటీ మీద ‘వారానికి’ అన్న మాటకు గీత కొట్టించుకోండి.

ఈ వయసులో రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగిపిండితో చేసిన సంకటిలో 340 దాకా, పావు లీటరుకు కాస్త ఎక్కువ పాలూ పెరుగులో 360 దాకా, పొట్టుతో ఉన్న నువ్వులు ఒకటిన్నర పెద్ద చెంచాల పొడిలో 150 దాకా వస్తాయి. పొట్టు తీసిన తెల్లనువ్వుల్లో అది చాలావరకు పోతుంది. ఆడపిల్ల పెద్దమనిషి అయితే చిమ్మిలి దంచిపెట్టే అలవాటు మనకుంది, నువ్వులూ బెల్లమూ కలిపిన ఆ ఉండ అరవై ఏళ్ల మనిషికీ అంతే అవసరం. చక్కెర జబ్బు ఉంటే బెల్లం మానేసి నువ్వులపొడి అన్నంలో కలిపిపెట్టండి. చేపలు తినేవారైతే ముల్లుతో సహా నమిలే నెత్తళ్లు మంచివి. మిగిలిన లోటుకే బిళ్ల. కాల్షియం బిళ్ల అన్నం తిన్నాక వేసుకోవాలి, ఒకేసారి 500 మించకూడదు. ఐరన్ బిళ్లతో కలపకూడదు, థైరాయిడ్ బిళ్లకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. అలెండ్రొనేట్ వేసుకున్న పొద్దున కాల్షియాన్ని మధ్యాహ్నానికి జరపండి.

వంగి నీళ్ల బిందె ఎత్తడం, వంగి చీపురుతో వాకిలి ఊడ్చడం ఇకమీదట అమ్మగారి పనులు కావు. వెన్నుపూసలు విరిగేది అలాంటప్పుడే. పొడుగు కర్ర చీపురు కొనండి. రోజూ అరగంట నడక, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం సరిపోతాయి. పొద్దున చీకట్లో తడి వాకిట్లోకి దిగవద్దు. కల్లాపి ఆరి, వెలుగొచ్చాక ముగ్గు వేస్తే ఏం పోయింది? స్నానాలగదిలో కడపబండల మీద గరుకు పట్టా, గోడకు గట్టి ఇనుప కడ్డీ, రాత్రి మంచం నుంచి దొడ్డి దాకా ఒక చిన్న బల్బు ఏర్పాటు చేయండి. ఎప్పుడైనా పడి తుంటి దగ్గర నొప్పి అని లేవలేకపోతే నాటుకట్టు కట్టించి మంచాన పడుకోబెట్టవద్దు. 108కి ఫోన్ చేయండి, రెండు రోజుల్లోపు ఆపరేషన్ అయ్యేలా చూడండి. రోజులు గడిచేకొద్దీ ఊపిరితిత్తులు, మంచం పుండ్లు మనిషిని తీసుకుపోతాయి.

ఇక మీ సంగతి. తెల్లబట్ట గర్భసంచి తీయడానికి కారణం కాదు. చాలావరకు అది ఇన్‌ఫెక్షన్, దానికి మందులుంటాయి, అవసరాన్నిబట్టి మీవారు కూడా వాడాలి. లోపల పరికరం పెట్టి చూసి, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌ను పసిగట్టే పాప్ స్మియర్ గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ చేయమనండి. ‘వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది’ అని భయపెడితే, అది తేల్చేది ఈ పరీక్ష, ఆపరేషన్ కాదు. ముట్టు ఎక్కువగా అవుతుంటే ట్రనెక్సామిక్ ఆమ్లం బిళ్లలున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది, అవి పనిచేయనప్పుడే ఆపరేషన్ మాట. ఇంకో స్త్రీ వైద్యురాలికి చూపించి రెండో అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోకండి.

ఒకవేళ నిజంగానే గర్భసంచి తీయక తప్పకపోతే, ‘అండాశయాలు ఉంచుతారా’ అని ముందే నోరు తెరిచి అడగండి. మీ ఇంట్లో ఎవరికీ అండాశయాల క్యాన్సర్ గానీ రొమ్ము క్యాన్సర్ గానీ లేకపోతే, అండాశయాల్లో జబ్బు లేకపోతే, 36 ఏళ్లకు వాటిని తీయాల్సిన పని లేదు. ఏదో కారణంతో రెండూ తీయాల్సి వస్తే, 50 ఏళ్లు వచ్చేదాకా హార్మోన్ బిళ్లలు వాడవచ్చా అన్నది ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోవాలి, ఇంటికొచ్చాక కాదు. సంతకం పెట్టమని ఇచ్చే ఒప్పుకోలు కాగితంలో ఏ భాగాలు తీస్తారో రాసిన చోటు ఖాళీగా ఉంటే సంతకం చేయవద్దు. అక్కడ ‘రెండు అండాశయాలూ ఉంచాలి’ అని పెన్నుతో రాయించి, డాక్టరు చేత కూడా సంతకం పెట్టించి, డిశ్చార్జి కాగితంతో కలిపి ఆ కాపీని ఇంట్లో దాచండి.